పొట్లం విప్పకముందే

కాంపౌండర్ తాత చనిపోయారన్న కబురు వచ్చినప్పుడు నా చెవులకు హెడ్‌ఫోన్ ఉంది. ఎక్కడో అమెరికాలో ఒక డాక్టరు ఎవరి మోకాలి గురించో గబగబా చెబుతున్నాడు, నేను టైపు చేస్తున్నాను. అదే నా ఉద్యోగం. అక్కడి డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, ఇక్కడ మాదాపూర్‌లో కూర్చుని కాగితం మీదికి ఎక్కించాలి. రిసెప్షన్ అమ్మాయి వచ్చి భుజం తట్టింది. కింద గేటు దగ్గర మీ నాన్న నిలబడి ఉన్నారని చెప్పింది. మా నాన్న ఇదే రోడ్డులో ఇంకో భవనానికి సెక్యూరిటీ గార్డు. డ్యూటీ వదిలి వచ్చే మనిషి కాదు. వచ్చాడంటే ఏదో అయిందని మెట్లు దిగుతుండగానే తెలిసిపోయింది.

“కాంపౌండర్ సాబ్ పోయిండు బిడ్డా,” అన్నాడు నాన్న, టోపీ తీసి చేత్తో పట్టుకుని. “పొద్దుగాల చాయ్ తాగిండు. గట్లనే కుర్చీల ఒరిగిండు. మీ అమ్మ పిలిస్తె పలకలే.”

నేను వెంటనే ఇంటికి పరుగెత్తలేదు. మళ్ళీ పైకి వెళ్ళి, ఆ మోకాలి రిపోర్టు పూర్తి చేసి, ఒకసారి సరిచూసి, అప్పుడు సెలవడిగాను. ఇది రాయడానికి నాకేం మొహమాటం లేదు. మందుల చీటీ సగంలో వదిలి లేచిన మనిషిని ఆయన జన్మలో క్షమించేవారు కాదు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన తమ్ముడి కొడుకు కారులో వచ్చేశాడు. ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. మర్యాదస్తుడే, చెడ్డవాడేం కాదు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి, చెబుతూనే ఉన్నాడు: “మూడో రోజే అన్ని చేసేద్దాం. దినాలు గిట్ల పదకొండు దాక ఎవరుంటరు? ఎవల పనులు వాళ్ళకున్నయ్.” గల్లీలోని పెద్దమనుషులు తలలూపారు. రోజులట్లా ఉన్నాయి మరి, అన్నారు.

నేనేమీ అనలేకపోయాను. ఆయనకు నేనేమవుతాను? ఆయన ఇంట్లో కిరాయికున్న గార్డు కూతురిని. అనగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారక్కడ, ఆయన చాప మీద పడుకుని ఉన్నారు. మూడు రోజులతో ఏదైనా ముగిసిపోతుందంటే ఆయన ఊరుకునేవారు కాదు. ఆయన లెక్కలో మూడో రోజు మొదటి మెట్టు మాత్రమే.

ఇవాళ పదకొండో రోజు. ఎవరూ రాలేదు. ఆ మనిషిని మరిచిపోవడానికి అందరికీ మూడు రోజులు సరిపోయాయి. నాకు సరిపోవు. అందుకే రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. నా ఉద్యోగంలో ఒక పద్ధతుంది. వినపడని మాటను ఊహించి రాయకూడదు, అక్కడ గీత గీసి ఖాళీ వదలాలి. ఈ రాతలోనూ అంతే. కాంపౌండర్ తాత ఏ ఊళ్ళో పుట్టారో నాకు తెలియదు, ఖాళీ. ఆయన భార్య మేం రాకముందే పోయారు, ఆమె ఎలా ఉండేవారో తెలియదు, అదీ ఖాళీయే. పిల్లలు లేరన్నది మాత్రం తెలుసు. ఒక జిల్లా దవాఖానలో నలభై ఏళ్ళు మందులు కలిపి, పొట్లాలు కట్టి, రిటైరయ్యాక మాదాపూర్‌లో బండల మధ్య మూడు గదులు వేసుకున్నారు. ఒకదాంట్లో ఆయన, రెండింట్లో మేము. మాది పాలమూరు జిల్లా. నాన్నకు ఇక్కడ గార్డు పని దొరికితే వచ్చాం.

నేను అప్పటికే ఊళ్ళో తెలుగు మీడియంలో డిగ్రీ పూర్తి చేశాను, జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం. పోయిన ఏడాది ఇక్కడ కొత్తగా తెరిచిన ఒక ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీ మూడు నెలల ట్రైనింగ్ ఇచ్చి మనుషులను తీసుకుంటుందని నాన్నే ఎక్కడో విని వచ్చాడు. నలభై మందిని చేర్చుకున్నారు. చివర్లో పరీక్ష పెట్టి పదిహేను మందిని ఉంచుకుంటారు. మిగతావాళ్ళకు నమస్కారం. మా నాన్న ఆ భవనాల గేట్ల దగ్గర నిలబడి లోపలికి పోయేవాళ్ళకు సలాం కొడతాడు. ఆయన కూతురు అదే గేటులోంచి లోపలికి పోవాలంటే దారి ఆ ఒక్క పరీక్షే. నాకు తెలిసి ఇంకో దారి లేదు.

మొదటి వారం పరీక్షలో నాకు వందకు పద్దెనిమిది వచ్చాయి.

ట్రైనర్ మేడం కోస్తా వైపు మనిషి. గట్టిగా మాట్లాడరు, అదే ఇంకా బాధ. “చూడండమ్మా, మీ మంచికే చెబుతున్నానండి,” అన్నారు, అందరి ముందూ. “ఈ రోగాల పేర్లకు, మందుల పేర్లకు మీ నోరే తిరగడం లేదు. ఇంక గుర్తేం పెట్టుకుంటారు? వేలల్లో ఉంటాయండి. ఇంగ్లీషు మీడియం వాళ్ళే తంటాలు పడుతున్నారు. ఇంకేదైనా కోర్సు చూసుకోకూడదూ?”

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ పైకి చదివాను, మళ్ళీ చదివాను. మర్నాడు ఆదివారం, పొద్దున్నుంచీ అదే పని. మధ్యాహ్నానికి పుస్తకంలో ఎర్రగీత లేని వరుస లేదు. గోడ పక్క గదిలోంచి కాంపౌండర్ తాత బయటికొచ్చారు. కళ్ళజోడు ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టుకునేవారు, ఆ దారం సవరించుకుంటూ నా ముందు నిలబడ్డారు.

“ఎన్నిసార్లు సదివినవ్ బిడ్డా?”

“ఏడుసార్లు తాతా.”

“ఏదీ, ఇటియ్యి.” పుస్తకం తీసుకుని మూసేశారు. “మొదటి పేజీల ఏమున్నది?”

నేను నోరు తెరిచాను. ఎర్ర గీతలు కనిపించాయి. పేజీ పైన చాయ్ మరక కనిపించింది. ఒక్క మాట రాలేదు.

“ఏడుసార్లు నీ కండ్లు సదివినయ్. నువ్వు సదవలే,” అన్నారు.

నాకసలే కోపం మీదుంది. “మీకేం తెలుసు తాతా? ఇది కంప్యూటర్ కంపెనీ చదువు,” అన్నాను. అమ్మ లోపల్నుంచి నన్ను కసిరింది. ఆయన నవ్వారు. “ఔ, నాకేం తెలుసు. నువ్వు నోట్లె అరగదీస్తున్న మందులు నలభై ఏండ్లు నా చేతుల్నుంచే పోయినయ్. ఇంగ్లీషు మీడియమా నాది? రేపు పొద్దుగాల రా. కాయితం కత్తిరించుకొని రా.”

వెళ్ళకూడదనే అనుకున్నాను. వెళ్ళాను.

ఆయన గదిలో బల్ల మీద నాలుగు రేకు డబ్బాలున్నాయి. ఒకప్పుడు దవాఖానకు మలాము వచ్చిన డబ్బాలు. ఎన్నిసార్లు కడిగినా వాటిలో మందు వాసన పోలేదు. ఆయన ఒక కాగితం ముక్క తీసుకుని, వేళ్ళ వంక చూడకుండానే మడిచి, ఒక కొసను ఇంకో కొసలోకి దోపి పొట్లం కట్టారు. పూర్వం పొడి మందు అలాగే కట్టి ఇచ్చేవారట. రోగి జేబులో వేసుకుని కోసులు నడిచినా రవ్వంత రాలదట. ఆ మడత నేర్చుకోవడానికే నాకు గంట పట్టింది. తర్వాత చెప్పారు: మడవకముందు లోపల జవాబు రాయాలి, మడిచాక పైన ప్రశ్న రాయాలి.

“పొట్లం ఇప్పకముందే చెప్పాలె,” అన్నారు. “ఇప్పినంక చెప్తే అది సదువుడు కాదు, చూసుడు.”

మొదటి డబ్బా పేరు రోజు డబ్బా. కొత్త పొట్లాలన్నీ అందులో పడతాయి, రోజూ తీసి అడగాలి. సరిగ్గా చెబితే ఆ పొట్లం మూడొద్దుల డబ్బాలోకి పోతుంది, మూడు రోజులు దాని జోలికి వెళ్ళకూడదు. మూడో రోజు కూడా చెబితే పదకొండొద్దుల డబ్బాలోకి. అక్కడా నిలబడితే నెల డబ్బాలోకి. ఎక్కడ తప్పినా సరే, నెల డబ్బాలో తప్పినా సరే, తిరిగి రోజు డబ్బాలోకి రావలసిందే. సిఫారసులు లేవు.

“పదకొండెందుకు తాతా? వారం అనొచ్చు కదా?” అన్నాను.

“మనిషి సచ్చిపోతె ఏం జేస్తం? మూడొద్దులకు పిట్టకు ముద్ద పెడ్తం. పదకొండొద్దులకు దినాలు చేస్తం. మల్ల నెల మాసికం. మల్ల ఏడాది. ఎందుకు గట్ల దూరం దూరం పెట్టిన్రు? ఇగ మరిచిపోతమనంగ మల్ల యాది చేసుకునేటందుకు. నేనేం కొత్తది కనిపెట్టలే బిడ్డా. మన పెద్దోళ్ళ లెక్కనే మందులకు పెట్టిన.”

మన భాషలో ఆయన వాడిన ఆ మాట, యాది, నాకు జ్ఞాపకశక్తి అనే పెద్ద మాట కంటే నిజంగా వినిపిస్తుంది. శక్తి అనగానే అదేదో కొందరికే పుట్టుకతో వచ్చిందనిపిస్తుంది. ట్రైనర్ మేడం నాకు లేదని తేల్చింది ఆ శక్తినే. తాత దాన్ని ఒప్పుకునేవారు కాదు. ఆయన యాది గొప్పదేం కాదని నేను సాక్ష్యం చెబుతాను. గల్లీలో ఒక్కరి పేరు గుర్తుండేది కాదు, అందుకే అందరూ ఆయనకు బిడ్డలూ అన్నలూ. బోరు మోటరు వేసి మరిచిపోయేవారు. ట్యాంకు నిండి గోడ మీదుగా నీళ్ళు కారుతుంటే అమ్మ కేకలు పెట్టేది. ఏమిటి తాతా ఇది అంటే, “మోటరును డబ్బల ఎయ్యలే కద,” అనేవారు. “పని చెప్తేనే యాది పని చేస్తది. చెప్పకపోతె పండుకుంటది. గంతే. తెలివీ గిలివీ ఏం లేదు.”

మొదటి పది రోజులు నరకం. ఏడుసార్లు చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉండేది. పొట్లాలతో కూర్చుంటే ఏదీ రానట్టు ఉండేది. ఇరవై పొట్లాలకు పదిహేడు తప్పు. ఇది చదువు కాదు, అవమానం అన్నాను. ఆయన చాయ్ సాసరులో పోసుకుంటూ, “రాలేదని నెత్తి గోక్కున్నవ్ చూడు, గదే సదువు. నెత్తి గోక్కోకుండ వచ్చింది సాయంత్రానికి పోతది,” అన్నారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా వాదించకుండా ఉన్నానని చెప్పను. రోజూ వాదించాను.

ఒక మోసం కూడా చేశాను. మూడో వారంలో, నెల డబ్బా ఇంకా ఖాళీగా కనిపిస్తుంటే పరువు పోయినట్టనిపించి, ఆయన బజారుకెళ్ళినప్పుడు రోజు డబ్బాలోని పొట్లాలు విప్పి చూసుకుని, మళ్ళీ మడిచి పెట్టేశాను. ఆయన వచ్చి అడిగితే అన్నీ టకటకా చెప్పాను. ఆయన ఒక పొట్లం వెలుతురుకు పట్టుకుని చూశారు. నేను కుడిచేతివాటం, కొసను కుడి నుంచి దోపుతాను. ఆయన ఎడమ నుంచి దోపుతారు. ఆ రోజు పొట్లాలు కట్టింది ఆయన. నాలుగు డబ్బాలూ తెచ్చి చాప మీద బోర్లించి, పొట్లాలన్నీ కలిపేసి, మొత్తం రోజు డబ్బాలోకి ఎత్తారు. మూడు వారాల పని. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. ఆయన ఏమీ జరగనట్టు డబ్బా నా ముందుకు జరిపారు.

అప్పట్లో మా ఇంటి వెనకాల బండలు పేల్చేవాళ్ళు. ఇప్పటికీ పేలుస్తున్నారు. ఎర్ర జెండా మనిషి ఈల ఊదుతాడు, అందరూ పక్కకు తప్పుకుంటారు, కాసేపటికి ఢామ్మని నేల అదురుతుంది. తాతకు ఆ ఈల వినపడితే హుషారు వచ్చేది. “చల్, షురూ! పేలేలోపల పది పొట్లాలు!” అనేవారు. గుండెకు ఇంగ్లీషు మాట, దాని పొర పేరు, ఎముక, కీలు, మందు, ఏ రోగానికి, అన్నీ కలగలిపి అడిగేవారు. ఒకే రకం పొట్లాలు వరుసగా అడగడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. దవాఖానకు అందరూ ఒక్క రోగంతోనే వస్తారా, అనేవారు. ఢామ్మనేలోపు మొదట్లో నాలుగు చెప్పేదాన్ని. నెలన్నరకు పదీ చెప్పి, బాంబు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళం.

మా నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి పొట్లాల మీద ప్రశ్నలు, లోపలి జవాబులు కూడా తెలుగు అక్షరాల్లోనే రాయమన్నారు తాత. నాన్న డ్యూటీకి పోయే ముందు నా ఎదురుగా కూర్చుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని అడిగేవాడు. నేను చెప్పగానే విప్పి చూసి, నిజమే, అని తల ఊపేవాడు. అడిగీ అడిగీ ఆయనకూ కొన్ని వచ్చేశాయి. ఒకరోజు అన్నం ఎక్కువ తిని, “నాకు ప్లీహం కాడ జర నొస్తున్నదే,” అన్నాడు. తాత పక్క గదిలోంచి, “గది ఎడమ దిక్కుంటది. నువ్వు పట్టుకున్నది కుడి దిక్కు,” అని అరిచారు. మా ముగ్గురి నవ్వులకు గల్లీ అంతా బయటికొచ్చింది.

దీపం పెట్టాక ఆయన నాకు పొట్లాలు ఇచ్చేవారు కాదు. పరీక్ష దగ్గర పడుతోంది, కాసేపు కూర్చుంటానంటే డబ్బాలు ఎత్తి అటక మీద పెట్టేసేవారు. “పో, పండుకో. పండుకుంటెనే మందు ఒంట్లకెక్కుతది. మేల్కొని మింగితె వాంతి అయితది.” అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, ఆయన చెప్పిందే నిజం.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా నా నెల డబ్బా నిండింది. నేను కాస్త ఎగిరాను. ఏం అడిగినా పొట్లం ఆయన చేతిలోకి రాకముందే చెప్పేస్తున్నాను. ఒక పొట్లం మీద రాత చాయ్ పడి అలుక్కుపోయింది. సగం ప్రశ్న కనిపించడం లేదు. అయినా ఊహించి జవాబు చెప్పేశాను. విప్పి చూస్తే సరిపోయింది. ఆయన ముఖం మారింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. పొట్లం తీసి రోజు డబ్బాలో పడేశారు.

“సరిగ్గనే చెప్పిన కద తాతా!”

“నీకు యాదికి రాలే. గట్లుంటదనుకున్నవ్. రెండూ ఒక్కటి కాదు.”

అప్పుడు చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒక చీటీ వానలో తడిసి వచ్చింది. మందు పేరు కనబడుతోంది, ఎంత ఇవ్వాలో కనబడటం లేదు. ఈయనకు ఆ మందు మోతాదు కంఠతా వచ్చు. చీటీ మళ్ళీ రాయించుకు రమ్మనడానికి నామోషీ. కలిపేశారు, సీసా చేతికిచ్చేశారు. వార్డులో నర్సు సీసా చూసి, ఈ పిల్లకా ఇది, అని వెనక్కి పరుగెత్తుకొచ్చింది. చీటీలోని రోగి బక్కచిక్కిన నాలుగేళ్ళ పిల్ల.

“గా నర్సమ్మ నన్నేం తిట్టలే,” అన్నారు తాత. “నీకు యాదున్నది అందరికిచ్చే మోతాదు, ఈ పిల్లకు ఇయ్యమన్నది కాదు, అన్నది. గా మాటను నేను ఎన్నడు పొట్లంల కట్టలే బిడ్డా. కట్టే అవసరం రాలే. నువ్వు గూడ యాది పెట్టుకో. తెల్వకపోతె తెల్వదను. తెల్వదని తెలుసుడు గూడ సదువే.”

ఆ మాట నాకూ ఏ డబ్బాలోనూ వేయకుండానే గుర్తుంది.

పరీక్ష రోజు అరగంట రికార్డింగు వినిపించారు. ఒక ముసలి డాక్టరు, ఆయనకే దగ్గు. పదాలన్నీ నాకు తెలిసినవే. వేళ్ళు వాటంతట అవే పోతున్నాయి. ఒక మందు పేరు చెప్పి, ఎంత ఇవ్వాలో చెప్పేచోట ఆయన దగ్గాడు. వెనక్కి తిప్పి విన్నాను, ఐదుసార్లు విన్నాను. దగ్గే. ఆ మందు మామూలు మోతాదు నా నెల డబ్బాలో ఉంది. నా వేళ్ళ కొసల్లో ఉంది. చుట్టూ టకటకా కీబోర్డుల చప్పుడు, ఎవరూ ఆగడం లేదు. నేను ఆగాను. గీత గీసి ఖాళీ వదిలాను; అలా వదలాలన్న పద్ధతి అప్పటికి మాకెవరూ చెప్పలేదు. అలాంటివే ఇంకో రెండు వచ్చాయి. మొత్తం మూడు ఖాళీలు.

ట్రైనర్ మేడం నన్ను పిలిచారు. కాగితం బల్ల మీద పెట్టి మూడు చోట్లా వేలితో చూపించారు.

“ఏంటమ్మా ఇది? మిగతావాళ్ళు దాదాపు అందరూ నింపేశారండి. గుర్తు రాలేదా?”

“గుర్తుంది మేడం. వినపడలేదు.”

“ఆ మందు మామూలుగా ఎంత ఇస్తారో తెలుసు కదా?”

“మామూలుగా ఎంతో తెలుసు,” అన్నాను. “ఆ డాక్టరు ఆ మనిషికి ఎంత చెప్పాడో తెలియదు. నాకు తెలియనిది నేను రాయను మేడం. ఫెయిల్ చేస్తే చేయండి.”

ఆమె కాగితం తీసుకుని మిగతావాటి మీద పెట్టారు.

మర్నాడు పదిహేను పేర్లు గోడకు అంటించారు. నాది పద్నాలుగోది. ఊహించి నింపినచోట్ల మార్కులు కోశారని, ఖాళీకి ఏమీ కోయలేదని తర్వాత తెలిసింది. నాకంటే చక్కగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు కొందరు అక్కడే ఆగిపోయారు. మేడం గురించి ఒక న్యాయమైన మాట రాయాలి. నెల తర్వాత ఆమే నా దగ్గరికి వచ్చి, “ఏదో పొట్లాలంటున్నారు, ఒకసారి చూపిస్తారాండీ?” అని అడిగారు. చూపించాను. మడత ఆమెకు ఎంతకీ రాలేదు. ఆ సంతోషం నేను దాచుకోను.

ఫలితం చెప్పడానికి పరుగెత్తుకుంటూ వెళ్తే కాంపౌండర్ తాత నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. గోడ మీదుగా ట్యాంకు నీళ్ళు పొర్లిపోతున్నాయి, ఆయన నింపాదిగా కాగితాలు కత్తిరిస్తున్నారు. “గా మూడు ఖాళీలు ఏందో అడిగి తెలుసుకున్నవా?” అన్నారు. లేదన్నాను. “మరి నవ్వుతున్నవేంది? పోయి తెలుసుకో. పొట్లం కట్టాలె.” అంతే. ఆ సాయంత్రం మాత్రం నాన్నతో, “నీ బిడ్డ గట్టిది,” అన్నారట. నాన్న నాకు చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నారట. నాన్న ఒక్క పూట కూడా ఆగలేదు.

ఇంక మిగిలింది ఈ పదకొండు రోజుల సంగతి.

మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టారు, మధ్యాహ్నం దినాలు చేశారు, సాయంత్రం గది ఖాళీ చేశారు. మంచం, కుర్చీ, సీసాలు, అన్నీ బయట కుప్ప పోశారు. డబ్బాలు ఆ కుప్పలో ఉన్నాయి. నేను వెళ్ళి ఇవ్వమని అడిగాను.

“పాత డబ్బలు ఏం జేసుకుంటవమ్మా?” అన్నాడు ఆయన తమ్ముడి కొడుకు. “తీస్కో, తీస్కో.”

“పదకొండో రోజు నేను దీపం పెట్టొచ్చా?” అన్నాను.

ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు. “నీ ఇష్టం అమ్మా. మాకైతే కుదరది. ఇగ నెల దాటితె ఇల్లు గూడ ఉండది, కట్టేటోళ్ళొస్తరు. మీరు గూడ జర వేరే చూసుకోవాలె.”

అలాగే కానివ్వండి, అన్నాను. మూడు గదులూ పోతాయి, ట్యాంకు పోతుంది, నీళ్ళ చారలు పడిన గోడ పోతుంది. వీటిలో ఏదీ ఆపడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది నేను చేశాను. ఆ రోజు ఒక కాగితం కత్తిరించి, ఆయన మడిచినట్టు ఎడమ నుంచి దోపి, పొట్లం కట్టి, పైన ‘కాంపౌండర్ తాత’ అని రాసి మూడొద్దుల డబ్బాలో వేశాను. రోజు డబ్బాలో వేయలేదు. ఆయన నాకు రోజూ ఎలాగూ గుర్తొస్తూనే ఉన్నారు. మూడు రోజులు ఆగి తీశాను, విప్పకుండా చెప్పాను, పదకొండొద్దుల డబ్బాలోకి మార్చాను. ఆయన లెక్క ప్రకారమైతే అది అక్కడ పదకొండు రోజులూ ఉండాలి. కానీ ఆయన పోయిన రోజు నుంచి ఇవాళ్టికి పదకొండు. ఈ ఒక్క పొట్లానికి ఆయన లెక్క కాదు, పెద్దవాళ్ళ లెక్కే పెట్టాను. తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఇవాళ పొద్దున ఆయన గది గడప మీద దీపం పెట్టి, పొట్లం చేతిలోకి తీసుకుని కూర్చున్నాను. వెనకాల బండల దగ్గర ఈల వినపడింది. చెప్పడం మొదలుపెట్టాను. దారం కట్టిన కళ్ళజోడు, మలాము డబ్బాలు, ఏడుసార్లు చదివిన నా కళ్ళు, తడిసిన చీటీ, నర్సమ్మ మాట, నాన్న ప్లీహం. ఇంతవరకూ మీరు చదివింది ఆ పొట్లం విప్పకుండా నేను చెప్పిన జవాబే. బండ పేలింది, నేల అదిరింది, దీపం ఊగి నిలబడింది. నేను ఇంకా సగంలోనే ఉన్నాను. ఆగలేదు, చివరిదాకా చెప్పాను.

పొట్లాన్ని నెల డబ్బాలోకి మార్చి మూత పెట్టాను. నెలనాటికి ఈ గడప ఉండకపోవచ్చు, నేను ఎక్కడుంటే అక్కడ కూర్చుని చెబుతాను. ఆయన దగ్గర నాలుగు డబ్బాలే ఉండేవి. అమ్మ చక్కెర డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది, దాని మీద ఏడాది అని రాసి పక్కన పెట్టుకున్నాను.

పొట్లం లోపల మాత్రం నేనేమీ రాయలేదు. అది తెల్ల కాగితం. నాకు ఎప్పటికీ దాన్ని విప్పి చూసుకోవలసిన పని పడదు.